పాట నడక, శ్రుతి, భావం

పాట విన్నవాళ్లకు హుషారు కలగడం, గుండె బరువెక్కడం ప్రధానంగా రెండు కొలతలను బట్టి ఉంటాయి. ఒకటి నడక, అంటే నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలు పడుతున్నాయన్నది. రెండోది శ్రుతి, దాన్ని ఆధారం చేసుకుని నిలిచే స్వరస్థానాలు. పియానో కాన్సర్టో రికార్డు అట్ట మీద ‘డి మైనర్’, ‘అడాజియో’ అని అచ్చువేసేది ఈ రెండింటినే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో వినిపించే బతుకమ్మ పాటకు, ఒగ్గు కథకు, భజనకు అలాంటి అట్టలు లేవు. కొలతలు మాత్రం వాటికీ ఉన్నాయి, పనీ అక్కడిలాగే చేస్తాయి. అయితే రెండింటి బలం ఒకటి కాదు. నడక చెప్పే సంగతి పరాయి సంగీతంలోనైనా శ్రోతకు చాలావరకు అందుతుంది. స్వరస్థానం చెప్పే సంగతి ఎక్కువగా పెరిగిన ఊరు, విన్న పాటలు నేర్పినది.

నడకను అంకెల్లో కొలిచే అలవాటు 1815లో మొదలైంది. యోహాన్ మెల్జెల్ మెట్రోనోమ్ పేరుతో ఒక యంత్రానికి ఆ ఏడాది పేటెంట్ తీసుకున్నాడు. దాని లోపలి లోలకం ఆలోచన అంతకు ముందే ఆమ్‌స్టర్‌డామ్‌లో డీట్రిష్ వింకెల్ చేసి చూపించినది. అంతకు ముందు పాశ్చాత్యులు లార్గో, అడాజియో, అండాంటే, అలెగ్రో, ప్రెస్టో అనే ఇటాలియన్ మాటలతో సరిపెట్టుకునేవారు. నిదానం నుంచి వడి వరకు అదే వరస. కర్ణాటక సంగీతంలో విలంబ, మధ్య, ద్రుత కాలాలు ఒకదానికొకటి రెట్టింపు. ఏ కాలమైనా మొదలుపెట్టిన కాలప్రమాణం చివరిదాకా చెదరకూడదన్నది అక్కడి కట్టుబాటు.

చెవి ఏ వేగాన్నయినా తాళంగా పట్టుకోలేదు. రెండు దెబ్బల మధ్య ఎడం రెండు సెకన్లకు దగ్గర పడితే అవి విడివిడి చప్పుళ్లవుతాయి. సెకనులో పదో వంతుకు తగ్గితే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మనిషిని వేలితో హాయిగా తాళం వేయమంటే సాధారణంగా సెకనులో సగం, కాస్త ఎక్కువ ఎడంతో వేస్తాడు. అంటే నిమిషానికి వంద నుంచి నూట ఇరవై. మామూలుగా నడిచేటప్పుడు పడే అడుగుల వేగమూ దాదాపు ఇంతే. పాట వేగానికి ‘నడక’ అన్న పేరు ఒంటికి కూడా సరిపోయింది.

బతుకమ్మ పాటలో ఈ లెక్క కళ్లకు కనిపిస్తుంది. తంగేడు, గునుగు, బంతి పూల దొంతరల చుట్టూ ఆడవాళ్లు వలయంగా నిలబడతారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అనో, ‘చందమామ’ అనో అందుకుంటారు. పాదం చివర ఆ మాట తప్పకుండా వస్తుంది కాబట్టి చరణం తెలియనివాళ్లూ గొంతు కలపగలరు. వంగి చప్పట్లు కొట్టాలి, నడుము ఎత్తాలి, పక్కకు ఒక అడుగు జరపాలి, మళ్లీ వంగాలి. ఈ పనికి పట్టే సమయమే పాట వేగానికి హద్దు. వలయంలో అందరికంటే పెద్దావిడ వంగి లేచే తీరు మిగతావాళ్లను పట్టి ఉంచుతుంది. చాలా పాటలు తిస్రంలో, అంటే మూడేసి మాత్రల లెక్కలో, నాలుగైదు స్వరాల లోపే తిరుగుతాయి. తిస్రంలో మూడో మాత్ర దగ్గర దొరికే చిన్న ఊపు ఒంటిని పక్కకు జరపడానికి సరిగ్గా అందివస్తుంది. గంటల తరబడి పాడినా గొంతు అలసిపోకపోవడానికి స్వరాల పరిధి చిన్నది కావడం ఒక కారణం.

పొద్దుగూకే వేళ మొదలైన పాట రాత్రయ్యేసరికి వడి అందుకుంటుంది. ఉత్సాహం పెరగడం ఒక్కటే దీనికి కారణం కాదు. నలుగురు కలిసి తాళం వేస్తే ఒంటరిగా వేసినప్పటికంటే వేగం క్రమంగా పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల కంటే వెనకబడకూడదని రవ్వంత ముందుగా కొడతారు. ఆ రవ్వంతలన్నీ కలిసి పాటను తొందరపెడతాయి.

వేగం లోపలికీ చేరుతుంది. ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో శ్రోతలకు రకరకాల సంగీతం వినిపించారు. అందులో భారతీయ రాగం కూడా ఉంది. సంగీతం వడిగా ఉన్నప్పుడు ఊపిరి, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. సంగీతం ఏ శైలిదన్న దానికంటే ఎంత వేగంగా ఉందన్నదే ఎక్కువ లెక్కకు వచ్చింది. పాటల మధ్య రెండు నిమిషాలు నిశ్శబ్దం ఇచ్చినప్పుడు గుండె వేగం పాట మొదలు కాకముందటి స్థాయికంటే కిందికి దిగింది.

వేగం ఒక్కటే ఉంటే భావం పుట్టదు. ఇందుకు సిరిసిల్లే సాక్ష్యం. అక్కడి వీధుల్లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు పొద్దంతా వినిపిస్తుంది. మరమగ్గం నిమిషానికి వందకు పైగా పోగులు వేస్తుంది. నాడె ఇటు నుంచి అటు కొట్టుకుపోయిన ప్రతిసారీ ఒక దెబ్బ. షెడ్డు లోపల ఆ మోత తొంభై డెసిబెళ్లు దాటుతుంది, ఏళ్ల తరబడి విన్న చెవికి హాని చేస్తుంది. వేగం చూస్తే ఉత్సాహంగా పాడే పాట వేగమే. కానీ అందులో వాక్యం లేదు, ఎత్తుగడ లేదు, ముగింపు లేదు. తర్వాత ఏం వస్తుందోనన్న ఎదురుచూపు లేని చోట మెదడు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. పది సాంచాలు పక్కపక్కనే తిరుగుతుంటే ఒకదాని దెబ్బ ఇంకొకదానితో కలవదు. కాసేపు కలిసినట్టే ఉండి, జరిగి, విడిపోతాయి.

ఎదురుచూపును వాడుకోవడంలో ఆరితేరినవాళ్లు ఒగ్గు కథకులు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఈ కళలో ఒగ్గు అనే చిన్న వాద్యం, డోలు, తాళాలు, నఫీరి ఉంటాయి. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళకు పేరు తెచ్చినవాడు. ఒగ్గు కథలో మాట, పాట, డోలు దరువు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి. యుద్ధం దగ్గర డోలు దెబ్బలు దట్టమవుతాయి, కథకుడు తిరుగుతూ చిందేస్తాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడ్చే చోట డోలు పలచబడి, గొంతు తాళాన్ని వదిలి సాగుతుంది. వినేవాళ్లకు కన్నీళ్లు తెప్పించేది ఈ మార్పు. మొదటి నుంచీ నిదానంగానే నడిచిన కథలో అదే గొంతు అంత పట్టు చూపించలేదు.

నిదానం అంటే దుఃఖం, వడి అంటే సంతోషం అని ఇక్కడితో తేల్చేస్తే తప్పవుతుంది. తెలంగాణ పల్లెల్లో చావు డప్పు విన్నవాళ్లకు ఆ సంగతి తెలుసు. శవయాత్రలో డప్పు నిదానంగా మోగదు. దరువు వడిగా, గట్టిగా, ఆగకుండా సాగుతుంది. పెండ్లికి వేసే దరువూ వడిదే. వాటిని వేరు చేసేది దెబ్బల అమరిక. చావు దరువు వినిపించగానే ఊళ్లోవాళ్లు పనులు ఆపి ఎవరు పోయారని అడుగుతారు.

ఈ చిక్కు విప్పడానికి మనస్తత్వ శాస్త్రం భావాన్ని రెండు గీతల మీద కొలుస్తుంది. ఒక గీత తీవ్రతది: ఒళ్లు ఎంత మేలుకుంది, గుండె ఎంత వడిగా కొట్టుకుంటోంది అన్నది. రెండోది రుచిది: ఆ స్థితి ఇష్టమైనదా, కష్టమైనదా అన్నది. 1980లో జేమ్స్ రస్సెల్ ఈ పటాన్ని ప్రతిపాదించాడు. సంబరం, కోపం, భయం మూడూ తీవ్రత గీత మీద పైనే ఉంటాయి. ప్రశాంతత, దిగులు రెండూ కిందనే. పాట వేగం ప్రధానంగా తీవ్రతను కదిలిస్తుంది. చావు డప్పు ఆ గీతలో పై కొసన ఉంటుంది. అది దుఃఖమని చెప్పేది ఆ దరువుకు ఊరు కట్టిన అర్థం.

రెండో గీత మీద పనిచేసేవాటిలో ముఖ్యమైనవి స్వరస్థానాలు. ముందు శ్రుతి సంగతి చూడాలి. ‘ఎ మేజర్’, ‘డి మైనర్’ అన్న పేర్లలో రెండు వేర్వేరు సమాచారాలు ఉన్నాయి. ‘ఎ’, ‘డి’ అన్నది షడ్జమం ఎక్కడ ఉందో చెబుతుంది. ‘మేజర్’, ‘మైనర్’ అన్నది ఆ షడ్జమం మీద ఏ స్వరాలు నిలిచాయో చెబుతుంది. భజన మండలిలో హార్మోనియం పట్టినవాళ్ల లెక్కలో చెప్పాలంటే ‘సి’ ఒకటో శ్రుతి, ‘డి’ రెండు, ‘జి’ ఐదు, ‘ఎ’ ఆరు. మగవాళ్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండులో పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, ఆరులో. ఒకే కీర్తనను ఆయన ఒకటిలో, ఆమె ఐదున్నరలో పాడినా రాగం మారదు, భావమూ మారదు. వేములవాడ రాజరాజేశ్వరాలయంలో ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. ఘనరాగ పంచరత్న కృతులను అందరూ కలిసి పాడేటప్పుడు మగ గొంతులకూ ఆడ గొంతులకూ మధ్యస్థంగా ఒక శ్రుతి ఎంచుకోవలసి వస్తుంది. కొందరికి అది కిందికి, కొందరికి పైకి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల తేడా మాత్రం చెక్కుచెదరదు. అయిదూ ఆది తాళంలోనివే కాబట్టి, ఆ తేడాలో చాలా పాలు రాగానిదే.

‘ఎ’ అంటే సెకనుకు 440 కంపనాలు అన్న లెక్క కూడా శాశ్వతం కాదు. ఫ్రాన్స్ 1859లో 435గా చట్టం చేసింది. 440 అంతర్జాతీయ ప్రమాణంగా కుదురుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. మోట్సార్ట్ కాలపు వియన్నాలో వాద్యాలు అంతకంటే తక్కువ శ్రుతిలో మోగేవి. నేటి కచేరీలో వినిపించే ఎ మేజర్ ఆయన విన్న ఎత్తులో లేదు, అయినా రచనలోని భావానికి లోటు రాలేదు.

మేజర్, మైనర్ తేడా అలాంటిది కాదు. రెంటికీ ప్రధానమైన భేదం గాంధారంలో ఉంది. మేజర్ స్వరాలు శంకరాభరణానివి, అందులో అంతర గాంధారం. మైనర్ స్వరాలు నటభైరవివి, నిషాదం పెరిగితే కీరవాణివి, వాటిలో సాధారణ గాంధారం. షడ్జమం సెకనుకు 200 కంపనాలనుకుంటే శుద్ధమైన అంతర గాంధారం 250, సాధారణ గాంధారం 240. పది కంపనాల తేడాతో పాట ముఖం మారిపోతుంది. పియానోలో సప్తకాన్ని పన్నెండు సమభాగాలు చేస్తారు కాబట్టి అక్కడ అవి సుమారు 252, 237.8. ఆ రెండు కంపనాల ఎక్కువే తంబురా పక్కన హార్మోనియం అంతర గాంధారం నొక్కి ఉంచితే వినిపించే సన్నని కంపానికి మూలం. షడ్జమపు తీగతో పాటే సన్నగా మోగే పై స్వరాల్లో, అంటే అనుస్వరాల్లో, అయిదోది 1000 దగ్గర మోగుతుంటే, హార్మోనియం గాంధారపు నాలుగో అనుస్వరం దాదాపు 1008 దగ్గర మోగుతుంది. సెకనుకు ఎనిమిదిసార్లు నాదం ఎగిసి పడుతుంది. గాయని గొంతు తనకు తెలియకుండానే ఆ గాంధారాన్ని కాస్త దించి తంబురాతో కలుపుతుంది.

సాధారణ గాంధారం ఎందుకు దిగులుగా తోస్తుందన్నదానికి ఒక్క జవాబు లేదు. షడ్జమంలో దాగి ఉన్న అయిదో అనుస్వరం అంతర గాంధారమే కాబట్టి, సాధారణ గాంధారం దానితో కొద్దిగా రాపాడుతుందన్నది ఒక వివరణ. బాధలో ఉన్న మనిషి మాట కిందిస్థాయిలో, చిన్నచిన్న దిగుడులతో, నిదానంగా సాగుతుంది, చిన్న గాంధారం ఆ ఒరవడిని గుర్తుచేస్తుందన్నది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ చిన్న గాంధారం ఉన్న ఖరహరప్రియలో, దాని జన్యరాగాల్లో హాయిగొలిపే కృతులు, సినిమా పాటలు తెలుగువాళ్లు ఎన్నో విన్నారు. భౌతికశాస్త్రం ఒక్కటే తీర్పు చెప్పేదైతే వాటన్నిటికీ కన్నీళ్లు రావాలి.

పిల్లల మీద చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా విలువైనది. సిమోన్ డల్లా బెల్లా, ఇసబెల్ పెరెట్స్ బృందం 2001లో పిల్లలకు పాటలు వినిపించి, వేగాన్నీ మేజర్–మైనర్‌నూ మార్చి చూసింది. అయిదేళ్ల పిల్లలు సంతోషమా దుఃఖమా అన్నది వేగాన్ని బట్టే చెప్పారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు స్వరాల తేడాను కూడా లెక్కలోకి తీసుకున్నారు. వేగం ముందు వస్తుంది, స్వరం తర్వాత నేర్చుకునేది. అమెరికాలో కేట్ హెవ్నర్ 1930లలోనే పెద్దల మీద చేసిన ప్రయోగాల్లో వేగం, స్వరాల రకం రెండూ భావాన్ని బలంగా మార్చే అంశాలుగా తేలాయి.

పరాయి సంగీతం వినిపించినప్పుడు కూడా ఈ వరసే కనిపించింది. 1999లో లారా లీ బాల్క్‌విల్, విలియం థామ్సన్ హిందుస్తానీ రాగాలను వాటితో పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు వినిపించారు. సంతోషం, దుఃఖం, కోపం ఉద్దేశించిన రాగాలను వాళ్లు చాలావరకు పోల్చుకున్నారు, శాంతాన్ని మాత్రం సరిగా పట్టుకోలేకపోయారు. వడిగా, సరళంగా సాగినవి సంతోషమనీ, నిదానంగా, మెలికలు తిరిగినవి దుఃఖమనీ అనుకున్నారు. 2009లో తోమాస్ ఫ్రిట్స్ బృందం కామెరూన్ కొండల్లోని మాఫా తెగవాళ్లకు పియానో ముక్కలు వినిపిస్తే, పాశ్చాత్య సంగీతం ఎరుగని వాళ్లు కూడా సంతోషం, దుఃఖం, భయాలను కేవలం ఊహతో చెప్పేదానికంటే మెరుగ్గా గుర్తుపట్టారు. వాళ్లకూ వేగం ఒక ముఖ్యమైన ఆధారమైంది.

కాన్సర్టో ఈ రెండు కొలతలనూ ఒకే రచనలో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఒక వాద్యం, దాని ఎదుట నిండు వాద్యబృందం, సాధారణంగా మూడు భాగాలు: వడి, నిదానం, మళ్లీ వడి. మోట్సార్ట్ తన 23వ పియానో కాన్సర్టోను 1786 మార్చి 2న పూర్తి చేశాడు. తంజావూరు సీమలో త్యాగరాజుకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. కాన్సర్టో మొదటి భాగం ఎ మేజర్, అలెగ్రో. హార్మోనియం లెక్కలో ఆరో శ్రుతిలో శంకరాభరణం. రెండో భాగం ఎఫ్ షార్ప్ మైనర్, అడాజియో, అంటే నాలుగున్నర శ్రుతిలో నటభైరవి స్వరాలు, మధ్యమధ్య కీరవాణి నిషాదం. ఈ రెండు శ్రుతులను కలపడం యాదృచ్ఛికం కాదు. నటభైరవిలో గాంధారాన్ని షడ్జమంగా పట్టుకుంటే శంకరాభరణం వస్తుంది. కర్ణాటక సంగీతంలో దీన్ని గ్రహభేదం అంటారు. స్వరాలన్నీ అవే, షడ్జమం మాత్రం చోటు మారింది. మోట్సార్ట్ రెండో భాగం నడుమ ఆ గ్రహభేదంతోనే కాసేపు ఎ మేజర్‌లోకి వెళ్తాడు. అడాజియో నడక అదే, దాని తిస్రపు ఊపూ అదే. దిగులు మాత్రం తేలికపడి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నడకను కదపకుండా స్వరం ఎంత చేయగలదో ఇంత శుభ్రంగా చూపే చోట్లు అరుదు. పియానోలో గమకం పలకదు, స్వరాన్ని ఊపే వీలు లేదు. ఆ లోటును రచయిత కలిపి మోగించే స్వరాల గుత్తులతో పూడ్చాడు.

స్వరాలు కదలకుండా నడక మారితే ఏమవుతుందో తెలిపే రికార్డు కూడా ఉంది. బ్రామ్స్ మొదటి పియానో కాన్సర్టో డి మైనర్‌ది, తొలి ప్రదర్శన 1859 జనవరిలో హనోవర్‌లో జరిగింది. 1962 ఏప్రిల్ 6న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో గ్లెన్ గూల్డ్ పియానో, లియోనార్డ్ బెర్న్‌స్టైన్ వాద్యబృంద నిర్వహణ. గూల్డ్ కోరిన నడక ఎంత నిదానమంటే, ఆ అవగాహనతో తాను ఏకీభవించడం లేదని బెర్న్‌స్టైన్ సభకు ముందే చెప్పి, తర్వాత కర్ర ఎత్తాడు. మామూలుగా 45 నుంచి 50 నిమిషాల్లో ముగిసే రచన ఆ రోజు సుమారు 53 నిమిషాలు పట్టింది. అంకెల్లో తేడా చిన్నది, చెవికి పెద్దది. మొదటి భాగం ఆవర్తనంలో ఆరు దెబ్బలుంటాయి. వేగంగా నడిపితే చెవి వాటిని మూడేసి చొప్పున రెండుగా వింటుంది, డోళ్ల ఉరుముతో సహా తుపానులా మీద పడుతుంది. నిదానిస్తే చెవి ఆరింటినీ విడివిడిగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు కోపం తగ్గి, ఏదో పెద్ద బరువును మోసుకెళ్తున్నట్టు ఉంటుంది. ఒక్క స్వరం మారకుండానే పాట తీవ్రత గీత మీద కిందికి దిగింది. ఆ రోజు ఎన్ని విమర్శలు వచ్చినా గూల్డ్ పద్ధతికి తర్వాత మద్దతు దొరికినట్టే అనుకోవాలి. 1980లలో క్రిస్టియన్ జిమర్‌మన్‌తో అదే కాన్సర్టోను బెర్న్‌స్టైన్ రికార్డు చేసినప్పుడు అదీ ఇంచుమించు అంతే నిదానంగా సాగింది.

రికార్డు చేసిన సంగీతంలో ఈ రెండు కొలతలూ ముడిపడి ఉంటాయి. పళ్లెం లేదా టేపు వేగంగా తిరిగితే నడకా పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. వేగం దాదాపు 6 శాతం పెరిగితే అర స్వరం ఎత్తు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 45 మీద పెడితే అయిదు అర స్వరాలకు పైగా ఎత్తు, మగ గొంతు చిన్నపిల్లల గొంతులా వినిపిస్తుంది. బ్యాటరీ నీరసించిన టేప్‌రికార్డర్‌లో పాట బరువుగా, కిందికి దిగిపోతుంది. దుబాయ్‌లో ఉన్న మనిషికి కోరుట్ల నుంచి ఇంటివాళ్లు మాటలు, పాటలు క్యాసెట్‌లో నింపి పంపిన కాలంలో ఈ అనుభవం చాలా ఇళ్లది.

డిజిటల్ పద్ధతి ఈ ముడి విప్పింది. ధ్వనిని చిన్నచిన్న తునకలుగా కోసి, దగ్గరగా జరిపి అతికితే శ్రుతి మారకుండా నడక పెరుగుతుంది. దసరా రోజుల్లో డీజే పెట్టెల్లో మోగే బతుకమ్మ పాటలు చాలావరకు ఇలా తయారైనవే. గొంతు పాతది, శ్రుతి పాతది, వేగం మాత్రం కొత్తది. వలయంలో వంగి లేచే సమయం చాలక అడుగు గెంతుగా మారుతుంది, పెద్దావిడలు గట్టుకు చేరతారు. ఆ వయసువాళ్లకే పొడవైన చరణాలు గుర్తున్నాయి కాబట్టి ఈ మార్పు పాటకు నష్టం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పాతకాలపు ఒగ్గు కథ, బతుకమ్మ పాటల టేపుల్లో అసలు వేగం, అసలు శ్రుతి ఏమిటో కనిపెట్టే మార్గం ఒకటుంది. కరెంటు మీద నడిచిన యంత్రంతో చేసిన రికార్డుల్లో పాట వెనకాల సన్నని గుంయ్‌మనే చప్పుడు తరచుగా ఉంటుంది. అది ఇళ్లకు వచ్చే కరెంటుది. మన దేశంలో దాని కంపనం సెకనుకు 50, దాని రెట్టింపు 100. టేపు వినిపించేటప్పుడు ఆ గుంయ్ 53 దగ్గర తేలితే పాట 6 శాతం వేగంగా, అర స్వరం ఎత్తులో తిరుగుతోందని అర్థం. యంత్రం వేగాన్ని గుంయ్ 50కి దిగేదాకా తగ్గిస్తే డోలు తన నడకకు, గొంతు తన శ్రుతికి ఒకేసారి వచ్చి చేరతాయి.